ఇంగ్లీషు రాని తల్లి మూడో తరగతి పిల్లవాడిని ఎలా చదివించాలి?

ప్రశ్న: టీచరుగారికి నమస్కారం. మాది విజయనగరం జిల్లాలో గజపతినగరానికి దగ్గరలో ఉన్న పల్లె. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివాను. ఇంటి దగ్గరే మిషను కుడతాను. మా ఆయన గాజువాకలో పని చేస్తారు, ఆదివారాలు ఇంటికి వస్తారు. మా అబ్బాయి మూడో తరగతి, ప్రైవేటు ఇంగ్లీషు మీడియం బడి. ఉదయం ఏడుంపావుకు బస్సెక్కితే సాయంత్రం అయిదున్నరకు ఇల్లు చేరుతాడు. ఆరింటికి హోంవర్కుకు కూర్చోబెడితే తొమ్మిదిన్నర అయినా తెమలదు. రాసేదంతా రాస్తాడు, అడిగితే ఒక్కటీ చెప్పలేడు. తీసివేత లెక్కలు ఎన్నిసార్లు చెప్పినా తప్పే చేస్తాడు. మొన్న కోపం ఆపుకోలేక చెయ్యి చేసుకున్నాను. ఏడుస్తూ పుస్తకం మీదే నిద్రపోయాడు. ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. వాడి ఇంగ్లీషు పాఠాలు నాకే అర్థం కావు, ఇక వాడికేం చెప్పగలను? మా అత్తగారు 'తల్లికే రాని సదువు గుంటడికేటి సెప్తాది, ట్యూషన్‌కి పంపీయండి' అంటున్నారు. పంపించమంటారా?
ఒక తల్లి

సమాధానం: అమ్మా, మీరు అడిగింది ట్యూషను గురించే అయినా, మీ ఇబ్బందికి మూలం ఎక్కడుందో మీ ఉత్తరంలోని ఒక వాక్యమే చెబుతోంది. 'రాసేదంతా రాస్తాడు, అడిగితే ఒక్కటీ చెప్పలేడు' అన్నారు. అంటే బోర్డు మీద ఉన్నది రఫ్ నోట్సులోకి, రఫ్ నోట్సులో ఉన్నది ఫెయిర్ నోట్సులోకి ఎక్కుతోందే గాని, మధ్యలో ఎక్కడా వాడి బుర్రలోకి దిగడం లేదు. మూడున్నర గంటలుగా వాడి చెయ్యి మాత్రమే పని చేస్తోంది.

దీనిని సరిచేయడానికి మీకు ఇంగ్లీషు రానవసరం లేదు. పాఠం చెప్పడానికి బడిలో టీచర్లు ఉన్నారు. కాని వాడు తనకు తెలిసినది తన మాటల్లో చెబుతుంటే చివరిదాకా కూర్చుని వినే మనిషి బడిలో దొరకడం కష్టం. తరగతి నిండా పిల్లలున్నప్పుడు ఒక్కొక్కరి మాట పూర్తిగా వినే తీరిక ఎంత మంచి టీచరుకైనా ఉండదు. ఆ పని ఇంట్లో మీరు చేయాలి. ముప్పై ఏళ్లకు పైగా నేను శ్రీకాకుళం జిల్లాలో ప్రాథమిక పాఠశాలల్లో పనిచేశాను. అక్షరం ముక్క రాని తల్లుల పిల్లలు చక్కగా చదువుకోవడం చూశాను, తల్లిదండ్రులిద్దరూ బాగా చదువుకున్న ఇళ్లలో పిల్లలు వెనకబడడమూ చూశాను. ఇంటికి వచ్చిన పిల్లవాడు చెప్పేది వినేవాళ్లు ఉన్నారా లేదా అన్న దగ్గరే నాకు ఎక్కువగా తేడా కనిపించింది.

ముందు ఆ గంటల సంగతి తేల్చుకుందాం. కేంద్ర విద్యాశాఖ 2020లో తెచ్చిన స్కూలు బ్యాగు విధానం ప్రకారం రెండో తరగతి వరకు ఇంటిపని అసలు ఇవ్వకూడదు, మూడు నుంచి అయిదు తరగతుల వారికి వారం మొత్తం మీద 2 గంటలు మించకూడదు, ఆరు నుంచి ఎనిమిది వరకు రోజుకు గంట మించకూడదు. మీ అబ్బాయి వారానికి సరిపోయే పనిని దాటి ఒక్క రాత్రిలోనే చేస్తున్నాడు. ఇది మార్గదర్శకం కావడంతో చాలా బడులు పట్టించుకోవడం లేదు. ఫీజు కట్టే తల్లిదండ్రులు కూడా పేజీలు నిండితేనే చదువు సాగుతోందని నమ్ముతున్నారు. హోంవర్కు మీద అప్పటివరకు జరిగిన పరిశోధనలను ఒకచోట చేర్చి చూసిన అమెరికా ఆచార్యుడు హారిస్ కూపర్, పై తరగతుల్లో హోంవర్కుకూ మార్కులకూ మధ్య కనిపించిన సంబంధం ప్రాథమిక తరగతుల్లో అంతగా కనిపించలేదని 2006లో ప్రచురించిన సమీక్షలో రాశారు. అక్కడి ఉపాధ్యాయులు చాలాకాలంగా వాడుతున్న లెక్క ఒకటుంది: తరగతికి పది నిమిషాలు. ఆ లెక్కన మూడో తరగతి పిల్లవాడికి అరగంట చాలు. మన బడుల తీరు తెలిసినదాన్ని కనుక మీకు ముప్పావుగంట అని చెబుతున్నాను. ముప్పావుగంట కాగానే, పని ఎంత మిగిలినా పుస్తకం మూసేయాలి. మిగిలిన పని గురించి బడికి ఏం చెప్పాలో చివర రాస్తాను.

ఎక్కువ రాయిస్తే ఎక్కువ వస్తుందని నేనూ ఒకప్పుడు నమ్మాను. ఉద్యోగంలో చేరిన కొత్తలో, చూడకుండా రాసిన మాటల్లో తప్పు పోయినవాటిని ఇంటి దగ్గర పదేసిసార్లు రాసుకురమ్మనేదాన్ని. ఒక పిల్లవాడు 'పుస్తకం' అన్న మాటను పదిసార్లు రాసి తెచ్చాడు. వరుసలు తీరుగా, అక్షరాలు గుండ్రంగా ఉన్నాయి. కాని పదింటిలో ఒక్కదానికీ 'స' కింద త ఒత్తు లేదు, అన్నీ 'పుసకం' అనే ఉన్నాయి. పక్కన కూర్చోబెట్టుకుని మళ్లీ రాయమంటే సంగతి బయటపడింది. పేజీ పైనుంచి కిందికి ముందు పది 'పు'లు దింపాడు, వాటి పక్కన పది 'స'లు, ఆ పక్కన పది 'క'లు, చివరకు పది సున్నాలు పెట్టాడు. ఆ మాటను వాడు ఒక్కసారి కూడా చదవలేదు. నేను ఇచ్చిన శిక్ష వాడికి ఆ తప్పునే పదిసార్లు అలవాటు చేసింది. అప్పటినుంచి నా తరగతిలో ఆ పద్ధతి మాన్పించి, మాటను మూడుసార్లు పైకి చదివి, పుస్తకం మూసి, ఒక్కసారి రాసి, తెరిచి తామే సరిచూసుకోమని చెప్పేదాన్ని. మీ అబ్బాయి రాసేటప్పుడు వాడి చెయ్యి ఎటు కదులుతోందో ఈ రాత్రి గమనించండి. నిలువుగా దిగుతుంటే మాత్రం అక్కడే ఆపి, ఆ మాటను పైకి చదవమనండి.

చెయ్యి చేసుకున్న రాత్రి మీకు అన్నం సయించలేదని రాశారు. ఆ బాధ ఉన్న తల్లికి కొట్టవద్దని వేరే చెప్పనక్కరలేదు. ఎందుకు వద్దో మాత్రం చెబుతాను. ఎనిమిదేళ్ల పిల్లలు ఒకేసారి మనసులో పట్టి ఉంచుకోగలిగినవి చాలా కొద్ది. తీసివేత చేసేటప్పుడు పై అంకె, కింది అంకె, తెచ్చుకున్న పది, తగ్గిన పదులు, ఇవన్నీ ఆ కొద్ది చోటులోనే నిలవాలి. దెబ్బ పడుతుందేమోనన్న భయం ఆ చోటును ఆక్రమించుకుంటే లెక్కకు చోటు మిగలదు. అందుకే అరిచేకొద్దీ నిన్న వచ్చిన లెక్క కూడా ఇవాళ రాకుండా పోతుంది, అది చూసి మన కోపం ఇంకా పెరుగుతుంది. బడిలో పిల్లలను కొట్టడాన్నీ మానసికంగా వేధించడాన్నీ 2009 నాటి విద్యాహక్కు చట్టం 17వ సెక్షను నిషేధించింది. ఆ చట్టం మన ఇంటి గడప దాటి రాకపోయినా, బడిలో ఉన్న పిల్లవాడూ ఇంట్లో ఉన్న పిల్లవాడూ ఒక్కడే కదా. కోపం వస్తోందని తెలిసిన వెంటనే 'ఇవాళ్టికి చాలు నాన్నా' అని లేచిపోండి. మొన్నటి సంగతి వాడు మరిచిపోయి ఉంటాడని అనుకోకుండా, దగ్గరకు తీసుకుని 'కొట్టడం నాదే తప్పు' అని చెప్పండి.

ఏడుంపావు నుంచి అయిదున్నర దాకా పది గంటలకు పైగా బయట ఉండి వచ్చిన పిల్లవాడిని అరగంటలోనే మళ్లీ పుస్తకం ముందు కూర్చోబెట్టడం భావ్యం కాదు. రాగానే ఉడకబెట్టిన చిలగడదుంపలో, వేరుసెనగ గింజలో తినిపించి, చీకటి పడేదాకా వీధిలో ఆడుకోనివ్వండి. ఆ ఆట వాడికి చదువులో భాగమే. ఏడు గంటలకు మీ మిషను పక్కనే చాప వేసి కూర్చోబెట్టండి. రోజూ అదే వేళకు, అదే చోట కూర్చుంటే, కొన్నాళ్లకు పిలవకుండానే వచ్చి కూర్చుంటాడు. ఆ ముప్పావుగంటా మిషను తొక్కకండి, ఆ చప్పుడులో వాడి మాట మీకు వినపడదు. హెమ్మింగో, హుక్కులు కుట్టడమో లాంటి చేతిపని పెట్టుకోండి. సెల్‌ఫోను ఆ సమయంలో ఎవరి చేతిలోనూ ఉండకూడదు, మీ చేతిలో కూడా. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకు రోజుకు 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని వైద్యులు చెబుతున్నారు. ఏడుంపావు బస్సుకు ఆరింటికి లేవాలంటే రాత్రి తొమ్మిదికల్లా నిద్రపోవాలి. తొమ్మిదిన్నర దాకా రాసి పడుకున్న పిల్లవాడు మర్నాడు తరగతిలో తూలుతుంటే, అక్కడ చెప్పిన పాఠం కూడా అందదు.

ఇక తీసివేత. తప్పు చేస్తున్నాడన్నారు గాని ఎలాంటి తప్పో మీరు రాయలేదు. 43 నుంచి 18 తీసేయమంటే ఈ వయసు పిల్లలు చాలామంది 35 అని రాస్తారు. రావలసింది 25. ఒక పిల్లవాడికి ఆ 35 ఎలా వస్తుందంటే, 3లోంచి 8 పోదు కనుక తిరగేసి 8లోంచి 3 తీసి 5 వేస్తాడు, తరువాత 4లోంచి 1 తీసి 3 వేస్తాడు. పెద్దదానిలోంచే చిన్నది తీయాలని కింది తరగతిలో చెప్పిన మాటను వాడు నమ్మి పాటిస్తున్నాడు. ఇంకొక పిల్లవాడు పది తెచ్చుకుని 13లోంచి 8 తీసి సరిగ్గానే 5 వేస్తాడు, కాని పక్కనున్న 4ను 3 చేయడం మరిచిపోయి, 4లోంచి 1 తీసి 3 వేస్తాడు. జవాబు ఇద్దరిదీ 35. మొదటివాడికి పదులు, ఒకట్లు అన్న సంగతే తెలియదు. రెండోవాడికి అంతా తెలుసు, ఒక్క చోట మరుపు. ఎర్ర ఇంకుతో అడ్డంగా గీత కొడితే ఇద్దరూ ఒకేలా కనిపిస్తారు. 'ఈ 5 ఎలా వచ్చింది నాన్నా, నాకు చెప్పవూ?' అని అడిగితే ఎవరి తప్పు ఏదో వాళ్ల నోటితోనే వస్తుంది. మీరు చేయవలసిన వినడం ఇదే. జవాబు ఒప్పయినప్పుడు కూడా ఒక్కోసారి అలాగే అడగండి. తప్పయినప్పుడే అడిగితే, అమ్మ అడిగిందంటే తప్పు పోయిందని గ్రహించి, ఏమీ చెప్పకుండా రబ్బరు తీసుకుని చెరిపేస్తాడు.

మీ అబ్బాయి మొదటి రకం పిల్లవాడైతే, వాడికి నేర్పడానికి కావలసిన సరంజామా మీ గుండీల డబ్బాలోనే ఉంది. ఒకే రకం గుండీలు యాభై దాకా ఏరండి. పదేసి గుండీలను దారానికి గుచ్చి ముడి వేయించండి, ఆ గుచ్చడం వాడే చేయాలి. నాలుగు దండలు, మూడు విడి గుండీలు చాప మీద పెట్టించి, ఎన్నో లెక్కపెట్టమనండి. తరువాత 'ఇందులోంచి నాకు 18 ఇయ్యి' అని చెయ్యి చాపండి. ఒక దండ తీసి ఇస్తాడు. ఇంకా ఎనిమిది ఇవ్వాలి, చూస్తే విడివి మూడే ఉన్నాయి. అక్కడ ఆగిపోతాడు. ఆ సమయంలో మీరు ఏమీ మాట్లాడకండి. మీ మొహం వంక చూస్తాడు, దండల వంక చూస్తాడు, ఒక్కోసారి నిమిషం పైనే పడుతుంది. చివరకు ఒక దండ అందుకుని ముడి విప్పుతాడు, లేదా కత్తెర అడుగుతాడు. పది గుండీలూ చాప మీదికి జారి, ఉన్న మూడింటితో కలిసి పదమూడవుతాయి. అందులోంచి ఎనిమిది మీ చేతిలో పెడతాడు. ఇప్పుడు ఏం మిగిలాయో చెప్పమనండి. రెండు దండలు, అయిదు విడి గుండీలు. 'పక్కింటి నుంచి అప్పు తెచ్చుకోవాలి' అని బడిలో మేము చెప్పే మాట పిల్లలకు తంతులా మిగిలిపోతుంది. ఒక దండ తగ్గిందని కళ్లారా చూసిన పిల్లవాడికి 4 ఎందుకు 3 అయిందో మళ్లీ చెప్పనక్కరలేదు.

నాలుగైదు రోజులు గుండీలతోనే చేయించండి, అంకెలు రాయించకండి. తరువాత దండలకు నిలువు గీతలు, విడి గుండీలకు చుక్కలు పెట్టి బొమ్మ గీయించండి. అది తడుముకోకుండా చేస్తున్నప్పుడు మాత్రమే అంకెల్లోకి రండి. ఇక్కడ తొందరపడితే మళ్లీ మొదటికే వస్తుంది. మీ చేతిలో ఎప్పుడూ ఉండే టేపు కూడా లెక్కల పుస్తకమే. రెండున్నర మీటర్ల గుడ్డలో జాకెట్టుకు 80 సెంటీమీటర్లు పోతే ఎంత మిగులుతుందో వాడినే కొలిచి చెప్పమనండి. ఆ లెక్క తప్పితే నిజంగా ఒకరి గుడ్డ పాడవుతుందని తెలిసినప్పుడు పిల్లలు ఎంత శ్రద్ధగా కొలుస్తారో చూస్తే మీకే ఆశ్చర్యం వేస్తుంది.

ఇంగ్లీషు గురించి మీకున్న బెంగ దగ్గరకు వస్తాను. ఎరగని సంగతిని ఎరగని భాషలో చెప్పడమంటే పిల్లవాడి నెత్తిన ఒకేసారి రెండు మూటలు పెట్టడమే. అందులో ఒక మూట మీరు దింపగలరు. సంగతిని ముందుగా మన మాటల్లో అందించండి, ఆ తరువాత ఇంగ్లీషు మాట దానికి ఇంకో పేరుగా వచ్చి చేరుతుంది. నీటి గురించిన పాఠమే ఉందనుకోండి. 'మన ఊరికి నీళ్లు ఎక్కడి నుంచి వస్తున్నాయిరా?' అని అడగండి. ఎండాకాలం ఇసుక తేలి ఉన్న చంపావతి నదినీ, వానలకు ఎర్రనీళ్లతో నిండుగా పారే చంపావతినీ వాడు చూసే ఉంటాడు. చెరువు, బావి, బోరింగు అన్నీ చెప్పిస్తారు. ఆ తరువాత పుస్తకం తెరిచి, ఇంగ్లీషులో చెరువును ఏమంటారో, బావిని ఏమంటారో మీకు చెప్పమనండి. మీకు రాకపోవడం ఇక్కడ మేలే. తనకు తెలిసిన మాటను అమ్మకు నేర్పే అవకాశం వస్తే పిల్లలు వదులుకోరు.

మీకు ఆసరాగా ఇంకొకటి ఉంది. మన రాష్ట్ర ప్రభుత్వ పాఠ్యపుస్తకాలు 2020-21 విద్యా సంవత్సరం నుంచి రెండు భాషల్లో వస్తున్నాయి. ఒక పేజీలో తెలుగులో ఉన్న పాఠమే ఎదుటి పేజీలో ఇంగ్లీషులో ఉంటుంది. మీ ఊరి ప్రభుత్వ బడిలో మూడో తరగతి చదివే పిల్లల దగ్గర గణితం, పరిసరాల విజ్ఞానం పుస్తకాలు ఒక ఆదివారం అడిగి తెచ్చుకోండి. మీ అబ్బాయి బడిలో వాడేవి వేరే పుస్తకాలైనా, ఆ వయసు పిల్లలకు చెప్పే సంగతులు చాలావరకు కలుస్తాయి. తెలుగు పేజీ మీరు చదివి, ఇంగ్లీషు పేజీ వాడిని చదవమంటే, ఇద్దరూ ఒకే పాఠం చదువుతున్నట్టు ఉంటుంది. వీలైనంతవరకు పిల్లలకు మాతృభాషలో బోధించాలని విద్యాహక్కు చట్టమూ, కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాష ఉండాలని 2020 జాతీయ విద్యావిధానమూ చెప్పిన మాటకు మీ ఇంటి చాప మీద మీరే రూపం ఇస్తున్నారనుకోండి.

మన ప్రాంతంలో ఈ ఆలోచన నూరేళ్లకు పైబడినది. శ్రీకాకుళం దగ్గరి పర్వతాలపేటలో 1863లో పుట్టిన గిడుగు వేంకట రామమూర్తి పంతులుగారు, పర్లాకిమిడిలో ఉపాధ్యాయులుగా ఉన్నప్పుడు, కొండల్లోని సవర పిల్లలకు వారి భాషలోనే చదువు చెప్పాలని తలచి, తానే సవర నేర్చుకుని ఆ భాషలో వాచకాలు తయారుచేశారు. ఆయన పుట్టిన ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటున్నాం. పిల్లవాడు ఏ మాటలతో ఇంటి నుంచి వచ్చాడో ఆ మాటల దగ్గరికే చదువు వెళ్లాలని ఆయన చేసి చూపించారు.

అందుకే ఇంటి మాట గురించి ఒక మనవి. మనం ఇంట్లో 'అన్నం తినీసాను', 'బస్సు ఎల్లిపోయింది' అంటాం. మీ అబ్బాయి తెలుగు పుస్తకంలో 'తినీసాను' అని రాస్తే నవ్వకండి, 'మొరటు మాట' అనకండి. 'మనింట్లో ఇలా అంటాం, పుస్తకంలో తిన్నాను అని రాస్తాం' అని రెండూ పక్కపక్కన చెప్పండి. రెండు రకాల మాటలనూ ఎక్కడివక్కడ వాడడం పిల్లలకు పెద్ద కష్టం కాదు. ఇంటి మాట తప్పని పదేపదే వింటే మాత్రం, వాళ్లు బడిలో నోరు విప్పడమే మానుకుంటారు. అలా మూగబోయిన పిల్లలను నేను చాలామందిని చూశాను, వాళ్ల చేత మళ్లీ మాట్లాడించడానికి నెలలు పట్టేది.

మీ అత్తగారి మాటకు నొచ్చుకున్నట్టున్నారు. ఆమెను ఈ పనిలోకి తీసుకురండి. అన్నాలయ్యాక వాడు నాయనమ్మ పక్కన చేరి, ఆ రోజు బడిలో విన్నది ఏదైనా ఒకటి ఆమెకు చెప్పాలి, అంతే. ఆమెకు నిజంగా తెలియదు కనుక 'అదేటిరా? అలాగెందుకవుద్ది?' అని అడుగుతుంది. మీరో నేనో అడిగితే, జవాబు తెలిసే అడుగుతున్నామని పిల్లవాడికి తెలుసు, ఏదో ఒక ముక్క చెప్పి తప్పించుకుంటాడు. నాయనమ్మకు చెప్పేటప్పుడు అలా కుదరదు, ఆమెకు అర్థమయ్యేదాకా మాటలు వెతుక్కోవాలి. అలా వెతుక్కున్నప్పుడే పాఠం వాడిదవుతుంది. బదులుగా ఆమెను 'కిటకిట తలుపులు, కిటారి తలుపులు, ఎప్పుడు మూసినా చప్పుడు కావు' లాంటి పొడుపు కథలు వేయమనండి. కళ్లరెప్పలని విప్పడానికి వాడు పడే ఆలోచన ఏ వర్క్‌షీటుకూ తీసిపోదు.

పుస్తకం మూసి చెప్పించడం గురించి ఒక్క మాట. నేర్చుకున్నది ఎంత త్వరగా మరిచిపోతామో జర్మనీలో హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ తన మీదే పరీక్షించుకుని 1885లో ప్రకటించారు. మొదటి ఒకటి రెండు రోజుల్లోనే చాలా భాగం జారిపోతుంది. ఆ జారిపోయే వేళకు ఒకసారి గుర్తు తెచ్చుకుంటే తరువాత ఎక్కువ కాలం నిలుస్తుంది. కనుక ఇవాళ్టి ఎక్కాన్ని ఇవాళ ఇరవైసార్లు వల్లె వేయించే బదులు, ఇవాళ ఒకసారి, ఎల్లుండి ఒకసారి, వచ్చే ఆదివారం నాన్నగారి దగ్గర ఒకసారి చూడకుండా చెప్పించండి. వారం మధ్యలో కూడా రాత్రి ఎనిమిదింటికి ఆయన ఫోను చేసినప్పుడు 'హోంవర్కు అయిందా?' అని కాకుండా 'ఇవాళ నాయనమ్మకు ఏం చెప్పావు?' అని అడగమనండి.

ట్యూషను ఇప్పుడు వద్దు. పది గంటలు బయట గడిపి వచ్చిన పిల్లవాడు మరో గంటన్నర వేరే చాప మీద కూర్చుంటాడు. చాలాచోట్ల ట్యూషనులో జరిగేది అదే హోంవర్కును త్వరగా రాయించి పంపడం. రాత్రికి మీకు హాయిగానే ఉంటుంది గాని, 43లోంచి 18 అలాగే ఉంటుంది. మూడు నెలలు ఈ పద్ధతి చేసి చూశాక కూడా చదవడం ముందుకు సాగకపోతే, నలుగురైదుగురు పిల్లలను మాత్రమే పెట్టుకుని, ఒక్కొక్కరి చేత చదివించుకుని వినే మనిషి మీ ఊళ్లో ఉంటే అప్పుడు ఆలోచించండి.

అయితే ఒక జాగ్రత్త ఇప్పుడే తీసుకోండి. పుస్తకాన్ని మొహానికి దగ్గరగా పెట్టుకుంటున్నాడా, బోర్డు కనిపించక పక్కవాడి పుస్తకంలో చూసి రాస్తున్నాడా, వెనకనుంచి పిలిస్తే పలుకుతున్నాడా అన్నది గమనించి, అనుమానం ఉంటే విజయనగరం ప్రభుత్వ ఆసుపత్రిలో కళ్లూ చెవులూ చూపించండి. చూపూ వినికిడీ బాగానే ఉండి, మాటల్లో చురుగ్గా ఉండి, రెండేళ్లుగా అక్షరాలు కూడబలుక్కోవడం దగ్గరే ఆగిపోయి ఉంటే, అది డిస్లెక్సియా, అంటే చదవడంలో వచ్చే ఒక రకం ఇబ్బంది, కావచ్చు. అది సోమరితనమూ కాదు, మందబుద్ధీ కాదు. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ఇలాంటి అభ్యసన ఇబ్బందులను గుర్తించింది కూడా. మీరు రాసినదాన్ని బట్టి నాకు అలా తోచడం లేదు, అయినా చూపించుకుంటే మీకు నిశ్చింత.

ఇక బడికి చెప్పవలసిన మాట. మీరు తెలుగులోనే రాయండి, టీచరుకు తెలుగు వస్తుంది. ఆమెకు తరగతి నిండా పిల్లలున్నారు, పై నుంచి ఒత్తిడి కూడా ఉంటుంది, కనుక ఫిర్యాదులా కాకుండా డైరీలో ఇలా రాసి పంపండి: 'మేడమ్‌గారికి నమస్కారం. మా అబ్బాయి రోజూ ఏడు నుంచి ఏడుమ్ముప్పావు వరకు నా దగ్గర కూర్చుని చదువుతున్నాడు. ఆ వేళకు పూర్తి కాని పని కింద నేను సంతకం పెడతాను, దానికి వాడిని కోప్పడవద్దు. తీసివేతలో పది తెచ్చుకునే చోట ఆగుతున్నాడు, ఇంట్లో గుండీలతో నేర్పుతున్నాను. బడిలో ఇంకా ఎక్కడ ఆగుతున్నాడో చెబితే అక్కడ కూడా సాయం చేస్తాను.' రెండు రోజులు ఆగి, బడి వదిలే వేళకు ఒకసారి స్వయంగా వెళ్లి కలవండి, వెళ్లేటప్పుడు ఆ గుండీల దండలు కూడా తీసుకెళ్లండి.

మొదటి వారం హోంవర్కులో సగం మిగిలిపోతుంది, అది ముందే తెలిసి ఉండండి. ఈ సోమవారం నుంచి మొదలుపెట్టి, నెల గడిచాక, 'నాకు 18 ఇయ్యి' అన్నప్పుడు వాడు ఏం చేశాడో, ఏమన్నాడో, వాడి మాటల్లోనే నాకు రాయండి.